తాటాకుల వారి ఇంటిపేరు

ఎండిన ఖర్జూరపు మట్టల వాసన ఈ పొద్దున మళ్ళీ వచ్చింది. ఈ ఎడారి దేశంలో, అల్ వుకైర్‌లో నేను వంటపని చేసే విల్లా పక్కన తోటపనివాళ్ళు చెట్లకు వేలాడే పాత మట్టలు నరికి గోడవార కుప్ప వేశారు, ఎండకి అవి కరకరలాడుతున్నాయి, గాలి ఇటు తిరిగేసరికి ఆ పొడి వాసన, కొంచెం దుమ్ము, కొంచెం తీపి, వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చేసింది. పాలు పొంగిపోయాయి. తాటాకు వాసన కాదది, తాటాకుది ఇంకా ఘాటు, నాకు తెలియదూ? అయినా కాలు ఒకచోట నిలవడం లేదు. రేపు శుక్రవారం, నా మనవరాలికి చర్చిలో బాప్తిస్మం. ఆ పిల్ల పేరులో మా నాన్న ఇంటిపేరు ఉంటుందో ఉండదో నా కొడుకు ప్రసాదు ఇంకా తేల్చి చెప్పలేదు.

మా నాన్న నరసాపురం వైపు ఊళ్ళలో తాటాకు ఇళ్ళు నేసేవాడు. తాతల కాలం నుంచీ అదే పని, ఆ పనే మా ఇంటిపేరు, తాటాకుల వారు. మాఘమాసం వెళ్ళగానే మా వాకిట్లోకి బండ్ల కొద్దీ పచ్చాకు దిగేది, దాన్ని పరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువులు పెట్టి అణిచేవారు, ఆ దొంతుల మీద నన్ను ఎక్కి తొక్కమనేవారు, ఆకు అంచులకి అరికాళ్ళు కోసుకుపోతే అమ్మ పసుపు అద్దేది. ఎండలు ముదిరితే ముంజలు, బొటనవేలు గుచ్చి నీళ్ళు పీల్చి, తినేసిన కాయలు రెండు పుల్లకి గుచ్చి బండి చేసుకుని, పంగల కర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగేదాన్ని. నాన్న ఏ ఇంటి మీద ఉంటే నా బండి ఆ ఇంటి ముందు ఆగేది. పైకప్పు కొసన, కొప్పు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, మొలలో కత్తి, భుజాన నార కట్ట, కింద నుంచి అమ్మ ఆకు విసిరితే చూడకుండానే పట్టుకునేవాడు. పైన ఎండలో ఆయన వీపు నల్లగా మెరిసేది. మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళే అన్నం పెట్టేవారు, కొత్తావకాయ, ముద్దపప్పు, నాన్న తన ముద్దలో సగం నా నోట్లో పెట్టేవాడు.

ఇల్లు నేసేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉండేది. కొప్పు మీద ఆఖరి ఆకు కట్టాక ఊరికే దిగకూడదు. ఆ ఇంటి ఇల్లాలు చెంబుతో పానకం పైకి అందిస్తే తాగి, లేచి నిలబడి, ఆ ఇంటిపేరు పెట్టి ఊరందరికీ వినపడేలా పిలిచి, ఇల్లు చల్లగా ఉండాలి అనాలి. నాన్న గొంతు మామూలప్పుడు లేచేదే కాదు, ఆ ఒక్క మాటకి మాత్రం చెరువు అవతలి గేదెలు కూడా తలెత్తేవి. ఊళ్ళో అన్ని ఇంటిపేర్లూ నేను బడిలో నేర్చుకోలేదు, నాన్న నోట విన్నాను.

అందరి ఇళ్ళూ అయ్యాకే మా ఇల్లు. అదీ మా బాధ. మిగిలిన ఆకు, చిరిగిన ఆకు మాకు. జ్యేష్ఠం వచ్చిందంటే నాకు ఆట మీద ధ్యాస ఉండేది కాదు, నిమిషానికోసారి వాకిట్లోకి పరిగెత్తి ఆకాశం చూసేదాన్ని, మా కప్పులో చిల్లుల్లోంచి ఎండ పైసల్లాగ నేల మీద పడుతుండేది, నాన్న ఇంకా ఎవరి కొప్పు మీదో ఉండేవాడు. ఒక ఏడు వానే ముందొచ్చింది. బియ్యం కుండ మీద చాప కప్పి, నానమ్మ, అమ్మ, నేను చూరు కింద గోడకి అతుక్కుని నిలబడితే, నాన్న తడుస్తూ వచ్చి, తడుస్తూనే నేసి, పైన నిలబడి, తాటాకుల వారి ఇల్లు చల్లగా ఉండాలి అని పిలిచాడు. లోపల మోకాలి లోతు నీళ్ళు. ఎదురింటివాళ్ళు పడీ పడీ నవ్వారు. నానమ్మ చుట్ట తడిసిపోయిందని విసుక్కుంటూ నా వైపు చూసి, "ఉన్నది ఒక్కతే, అదీ ఆడపిల్లాయె. ఈ పేరు దీంతో సరి," అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

బడిలో "తాటాకులోళ్ళ పిల్లా, గాలొత్తే ఎగిరిపోతావే" అని ఏడిపించేవారు. ఎప్పుడు పెళ్ళవుతుందా, ఎప్పుడు ఈ పేరు పోతుందా అనుకునేదాన్ని. అయింది, పోయింది. నాన్న పోయాడు, తరవాత మా ఆయనా పోయాడు, కొడుకు ఈ దేశం వచ్చి, వెస్ట్ బేలో ఆఫీసు ఉద్యోగం చూసుకుని నన్నూ ఇక్కడికి రప్పించాడు. కొడుకూ కోడలూ నజ్మాలో ఒక గదిలో ఉంటారు, నేను పనిచేసే చోటే ఉంటాను. అన్నేళ్ళలో ఆ పేరు నేను పలకను కూడా లేదు.

మా మేడమ్‌ది డచ్చి దేశం. వాళ్ళ గేటు మీద ఇత్తడి బిళ్ళలో రెండు పేర్లుంటాయి, మధ్యలో గీత. బిళ్ళ తుడుస్తూ ఒకరోజు నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అడిగాను, రెండెందుకని. మొదటిది వాళ్ళ ఆయనదట, రెండోది డెక్కర్, అది ఆమె పుట్టింటి పేరట. వాళ్ళ దేశంలో పెళ్ళయినా ఆడవాళ్ళు పుట్టింటి పేరు పక్కన ఉంచుకోవచ్చట. డెక్కర్ అంటే ఏమిటని అడిగితే, రెండు అరచేతులూ తల మీద ఇంటి కప్పులా పెట్టి, గడ్డితో, రెల్లుతో ఇళ్ళు కప్పేవాడు అని చెప్పింది. వెనకటి రోజుల్లో పిండి మర వాడికి మర పేరు, చేపలు పట్టేవాడికి చేపల పేరు, కప్పు వేసేవాడికి ఈ పేరు, పని పోయినా పేర్లు ఉండిపోయాయట. ఏ ఊరికి వెళ్ళినా ఏదో ఒక గుమ్మం మీద డెక్కర్ కనిపిస్తుందని, వాళ్ళ నాన్న మాత్రం బ్యాంకు గుమాస్తా అని, నిచ్చెన ఎక్కమంటే కళ్ళు తిరుగుతాయని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గుడ్డ అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి కూరగాయలు తరిగాను, అవసరానికి మించి తరిగాను.

ఆ వారమే మనవరాలు పుట్టింది. ప్రసాదుని అడిగాను, పిల్ల పేరు పక్కన మా నాన్న ఇంటిపేరు పెట్టరా, మీ ఇంటిపేరు తీసెయ్యమనడం లేదు, పక్కన ఉండనీ అని.

"అది ఇంటిపేరా అమ్మా, ఏడిపించడానికి పెట్టిందా? ఆడపిల్లకి ఏదైతే ఏంటి, రేపు పెళ్ళైతే మారిపోయేదేగా."

వాడు కోపంగా అనలేదు, సెల్లు చూసుకుంటూ అన్నాడు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. కోడలు సునీత పిల్లకి పాలు పడుతూ తల వంచుకుని ఉంది. తల ఎత్తకుండానే, "నా ఇంటిపేరు ఏంటో ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా అత్తయ్యా?" అంది. నాకూ గుర్తులేదు.

ఇంతవరకు గురువారం చెప్పాను. ఇవాళ శనివారం, మిగతాది చెబుతున్నాను.

నిన్న చర్చిలో పాస్టర్ గారు పిల్లని చేతుల్లోకి తీసుకుని పేరు చెప్పమన్నారు. ప్రసాదు గొంతు సవరించుకున్నాడు. వాడు నోరు తెరిచేలోపు సునీత, ఎప్పుడూ పక్కవాళ్ళకి కూడా వినపడని సునీత, వెనక బల్లల దాకా వినపడేలా, "తాటాకుల కృప" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ప్రసాదు చెవులు ఎర్రబడ్డాయి. పాస్టర్ గారు నీళ్ళు చిలకరిస్తూ అదే పేరు ఇంకా పైకి పిలిచారు, ఆ పిలుపు పైకప్పుకి తగిలి కిందికి వచ్చింది, పానకం చెంబు ఎవరూ అందించలేదు గాని నా గొంతులో బెల్లం తగిలింది.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు వాడు నా పక్కకి వచ్చాడు. "పిల్ల పుట్టిన కాయితాల్లో కూడా అలాగే రాయిత్తాన్లే. బళ్ళో పిల్లలు నవ్వితే మాత్రం నువ్వే వచ్చి చెప్పుకోవాలి."

"వత్తాను," అన్నాను.

మా ఊళ్ళో తాటిచెట్లు కొట్టేసి చేపల చెరువులు తవ్వారు. మా పాక ఉన్నచోట ఎవరిదో డాబా లేచింది, నాన్న కత్తి ఎవరి అటక మీద తుప్పు పట్టిందో, ముంజకాయల బండి తోసే పిల్ల ఒక్కతీ కనపడదని ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్ళు చెబుతారు, కొప్పు మీద నిలబడి ఇంటిపేరు పిలిచే మనిషి ఎక్కడా లేడు. ఇక్కడ గోడవార మట్టల కుప్పని నిన్న లారీ తీసుకుపోయింది, వాసన కూడా పోయింది. కాయితాలు ఇంకా రాయలేదు. పాలు స్టవ్ మీద పెట్టి, మంట తగ్గించి, వాకిట్లోకి వచ్చి, చిన్నప్పుడు జ్యేష్ఠంలో చూసినట్టే ఆకాశం చూస్తున్నాను. మబ్బు లేదు, ఇక్కడ రాదు కూడా, అయినా లోపలికి వెళ్ళి మళ్ళీ వస్తున్నాను.