పెద్దాయన కాలు, నలుగురి ప్రశ్నలు

తెల్లకోటు వేసుకున్నవాళ్లు తెల్లకోటు పక్కనే కూర్చుంటారు. తమిళనాడు ధర్మపురిలో శిక్షణ మొదలైన రోజు హాల్లోకి అడుగు పెట్టగానే నాకు కనిపించింది అదే. డాక్టర్లు ముందు వరుసలో, ఫ్యాను కింద. నర్సులు కిటికీ పక్కన, ఒకరి టిఫిన్ డబ్బా ఒకరు మూత తీసి చూసుకుంటూ. ఫిజియోథెరపీవాళ్లు గోడ వారగా. ఫార్మసిస్టులు అందరికన్నా వెనక, ఎప్పుడు వదిలిపెడతారా అన్నట్టు. ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ విడిది దిగినట్టు ఉంది హాలు. వీళ్లందరికీ కలిసి పనిచేయడం నేర్పాలట. నేర్పాల్సింది నేనట!

నేను చాలా ఏళ్లు వార్డుల్లో నర్సుగా పనిచేసి ఈ శిక్షణల్లోకి వచ్చినదాన్ని. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. కోపం కాస్త తరచుగానే వస్తుంది. మొదటి రోజు బెలూన్ల ఆట ఆడించమని పైనుంచి చెప్పి పంపారు, అందరూ కలిసిపోతారని. సరేనని ఊదించాను. కాసేపు గోల చేశారు, నవ్వారు, ఒకటి రెండు పగిలాయి. ఆట అయిపోగానే ఎవరి వరుసలోకి వాళ్లు వెళ్లి బుద్ధిగా కూర్చున్నారు. చాల్లే సంబడం అనుకుని మిగిలిన బెలూన్లు సంచిలో కుక్కేశాను.

ఆ తర్వాత నా పద్ధతి నేను మొదలుపెట్టాను. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఒక ఫిజియో కలిపి ఒక్కో జట్టు చేశాను. ఒక్కో జట్టుకు ఒక్కో రోగిని అప్పగించాను. కావేరి జలపాతం ఉన్న హొగేనక్కల్ వెళ్లే జట్టుతో నేనూ బస్సెక్కాను. ఆ ఊళ్లో చేపల వేపుడు బాగుంటుందన్నది కూడా ఒక కారణమే, దాచడమెందుకు?

జట్టులో డాక్టరమ్మ చిన్నది, మాట పూర్తిచేసే లోపలే ఇంకో మాట మొదలుపెట్టే రకం. నర్సు కారిమంగళం ఆవిడ, సంతలో బేరమాడినట్టు ఎవరితోనైనా వాదించగలదు. ఫార్మసిస్టు మాటలు కూడా మాత్రల్లాగే లెక్కపెట్టి ఇస్తాడు. ఫిజియో తాటిచెట్టంత పొడుగు. బస్సు దిగగానే నూనె మర్దనవాళ్లు చుట్టుముట్టారు. వాళ్లలో ఒకతను ఫిజియోను పట్టుకుని, నీ పనేమిటని అడిగాడు. ఇతను పాపం శ్రద్ధగా వివరించాడు. అంతా విని ఆ మనిషి, "ఓహో, మన పనే. నువ్వు నూనె లేకుండా చేస్తావు, అంతేగా!" అన్నాడు. డాక్టరమ్మ, నర్సు తొలిసారి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. బెలూన్లు చేయలేని పని అతను చేసిపెట్టాడు.

మా రోగి పరిసల్ నడిపే పెద్దాయన. పరిసల్ అంటే గుండ్రటి వెదురు పుట్టి. జలపాతం చూడవచ్చినవాళ్లను అందులో కూర్చోబెట్టి కావేరిలో తిప్పుతాడు. ఒడ్డు పక్కనే ఉన్న ఆయన ఇంట్లోనూ మాలాగే తెలుగే. షుగరు ఉంది. కుడికాలి చిటికెనవేలి పక్కన పుండు పడి నెలలు గడిచినా మానలేదు. వేలు తీసేయాలేమోనని అప్పటికే ఆసుపత్రిలో అన్నారట. వేలితో ఆగకపోవచ్చని కూడా అన్నారట.

"కాలు పోతే పరిసల్లో ఎట్ల నిలదొక్కుకునేది అమ్మణ్ణీ? ఒడ్డున కూర్చోని నీళ్లు చూస్తా ఉండాల్నా?" అన్నాడు నాతో. పక్కనే ఉన్న ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం కాదులే అన్నా" అని నేను అనలేదు. అవుతుందో కాదో నాకు మాత్రం ఏం తెలుసు?

మా జట్టు మాత్రం అలవాటు మానలేదు. డాక్టరమ్మ వాకిట్లో స్టూలు వేసుకుని ఆయన్ని అడిగింది. ఆమె లేవగానే నర్సు ఆయన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, కట్టు విప్పుతూ అవే అడిగింది. తర్వాత ఫార్మసిస్టు మందుల డబ్బా ముందు పెట్టుకుని అడిగాడు. చివరికి ఫిజియో ఆయన్ని నడిపిస్తూ అడిగాడు. మాత్రలు వేసుకుంటున్నావా, పుట్టి నడుపుతున్నావా? నలుగురివీ అవే ప్రశ్నలు. నేను అరుగు మీద కూర్చుని పళ్లు నూరుతూ చూశాను.

తర్వాత చెట్టు నీడన నలుగురూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అక్కడే అంటుకుంది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నాడు, పుట్టి జోలికే పోవడం లేదు. అయినా మానలేదంటే ఇక ఆగకూడదు, వేలు తీయించడానికి ఇవాళే పంపిస్తాను" అంది డాక్టరమ్మ.

"అప్పుడప్పుడు మరిచిపోతానన్నాడు నాతో. పుట్టి కూడా ఆదివారాలు నడుపుతాడట" అంది నర్సు.

"పొద్దుటి పూటవే వేసుకుంటాడు" అన్నాడు ఫార్మసిస్టు.

ఫిజియో తల గోక్కున్నాడు. "మాత్రలు ఎప్పుడో మానేశానన్నాడే!"

ఇక చూడండి. నాకు చెప్పిందే నిజమంటే నాకు చెప్పిందే నిజమని నలుగురూ ఒకేసారి. ఆ మనిషి వేలు ఉండాలా పోవాలా అన్నది అక్కడ తేలాలి. వీళ్లు చూస్తే ఎవరి మాట నెగ్గాలా అని కొట్టుకుంటున్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. "నోళ్లు మూస్తారా లేదా?" అని ఒక్క అరుపు అరిచాను. ఒడ్డున చేపలు వేయించే ఆవిడ గరిటె పట్టుకుని ఇటు తిరిగి చూసింది.

పెద్దాయన దగ్గరికి వెళ్లి అడిగాను. "ఏమన్నా, ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పినావంట?"

ఆయన బిత్తరపోయాడు. "మొదట నిజమే చెప్పినాను అమ్మణ్ణీ. మాత్రలు రోజూ మింగుతా ఉండాను. పరిసల్ ఒకటి మాత్రం దాచినాను, డాక్టరమ్మ తిడుతుందని. అంతలోనే ఇంకొకరు వచ్చి మళ్లీ అదే అడిగినారు. సరి, నేను చెప్పింది తప్పు గాబోలు అనుకుంటిని. కొంచెం మార్చి చెప్పినాను. మళ్లీ అడిగిరి. అదీ తప్పే గాబోలు అని ఇంకొంచెం మార్చినాను. చదువుకున్నోళ్లు, సరైన జవాబు వచ్చేదాకా విడవరు గదా!"

ముందు ఫార్మసిస్టుకే నవ్వొచ్చింది, అదీ పగలబడి. తర్వాత అందరం నవ్వాం. ఆయన భార్య కూడా కొంగు చాటున నవ్వింది.

అప్పుడు అందరినీ ఆయన చుట్టూ చాప మీద కూర్చోబెట్టాను. అడిగేది ఒక్కరు, మిగిలినవాళ్లు వినాలి, ఎవరికైనా ఇంకేమైనా కావాలంటే అప్పటిదాకా అడగనిదే అడగాలి. ఈసారి నర్సు అడిగింది. మాత్రలు రోజూ తనే చేతికిస్తానని భార్య చెప్పింది. పుట్టి కూడా రోజూ నడుపుతున్నాడని తేలింది. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మాట్లాడకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో ఆ కళ్లల్లో తెలుస్తోంది. చివర్లో ఫిజియో అన్నాడు, పుట్టిలో ఎలా కూర్చుంటారో ఒకసారి చూపించండి అని.

ఇసుకలో బోర్లించిన పరిసల్‌ను తిరగేసి, పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. ఎడమకాలు ముందుకు చాపాడు. కుడికాలు మడిచి ఒంటి కిందికి తోశాడు. ఆ పాదం అంచు సరిగ్గా వెదురు బద్ద మీద ఆనింది.

"అయ్యో, పుండు ఉన్నది అక్కడే కదా!" అంది నర్సు.

డాక్టరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పుట్టిలోకే దిగింది. పాదం చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. వేడి ఉందా, నాడి ఆడుతోందా, పుండు ఎముకదాకా పోయిందా. అక్కడినుంచే పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది. "ఇప్పుడే తీయక్కర్లేదు. ఆ వేలి మీద బరువు పడకుండా చేసి, కొన్ని వారాలు చూద్దాం" అంది. ఆమె నోట మాట అంత నెమ్మదిగా రావడం నేను వినడం అదే మొదలు.

పుండు మానేదాకా నీళ్లలోకి దిగకూడదన్నాం. బావమరిది నడుపుతాడులే అని, పెద్దాయన ఆస్తి రాసిచ్చినవాడిలా మొహం పెట్టి ఒప్పుకున్నాడు. నర్సు ఆయన భార్యకు కట్టు కట్టడం నేర్పింది. ఫార్మసిస్టు షుగరు మందుల సంగతి డాక్టరమ్మతో కూర్చుని సరిచేశాడు. కాలు మడవకుండా కూర్చునేలా పుట్టిలోకి ఒక పీట ఎలా ఉండాలో ఫిజియో ఇసుకలో గీసి చూపించాడు. వారం వారం వాళ్లలో ఎవరో ఒకరు వెళ్లి చూసి, మిగిలినవాళ్లకు చెప్పేవారు. పుండు తగ్గుతోందని ఒకసారి, మళ్లీ చీము పట్టిందని ఒకసారి. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఎండాకాలం పోయి నదికి నీళ్లు వచ్చాక అందరం మళ్లీ వెళ్లాం. ఒడ్డున పెద్దాయనే తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఐదుగురినీ ఎక్కించుకుని పీట మీద కూర్చున్నాడు. నీటి తుంపర మొహాన కొడుతోంది.

"కాలు ఎలా ఉంది?" అని గట్టిగా అడిగింది డాక్టరమ్మ.

"మానిపోయినాది తల్లీ."

"నిజంగానా?" నర్సు నోరు ఊరుకోలేదు.

ఆయన తెడ్డు వేయడం ఆపాడు. పుట్టి నీళ్ల మీద మెల్లగా గుండ్రంగా తిరగసాగింది. ఆయన కుడికాలు ఎత్తి మా అందరి మధ్యా పెట్టాడు.

"అందరూ ఒకేసారి చూసుకోండి. మళ్లీ అడిగినా ఇదే చెప్తాను."

ఐదు తలలు ఆ పాదం మీదికి వంగాయి. చిటికెన వేలు కాస్త వంకరగా, నల్లటి మచ్చతో, దాని చోట అది ఉంది.