డైరెక్టరుగారిని ఆపిన ఎర్రటోపీ

మా పరిశోధనశాలలో నేను స్టోర్ కీపర్‌ని. ప్రమాదం జరిగితే మాత్రం ఎర్రటోపీ పెట్టుకుని డైరెక్టరుగారితో సహా అందరికీ ఆజ్ఞలిచ్చే అధికారం నాదే. ఆ పదవికి శిక్షణ రెండు గంటలు. ఇంట్లో రెండు నెలలని చెప్పుకున్నాను.

ఒక ఉదయం పై అంతస్తులో పొగ లేచింది. చార్మినార్‌ను మినార్లతో సహా మింగేటంత పొగ. అందరినీ గేటు పక్క తెల్లగీత వెనక నిలబెట్టి హాజరు పట్టీ చదివాను. ఒక అటెండరు తక్కువ. సంతకం ఉంది, మనిషి లేడు.

డైరెక్టరుగారు మెట్లవైపు పరుగెత్తారు. మాది తాతలనాటి పాడి కుటుంబం. పత్తర్‌గట్టి రద్దీలో బర్రెను నిలబెట్టే గొంతుతో, "సార్, ఆగుండ్రి" అన్నాను.

"లోపల మనిషున్నడయ్యా."

"మీరు గూడ బోతే ఇద్దరైతరు. ఫైరింజన్ వస్తున్నది. గీత ఎన్కకు రండి సార్."

ఆయన వచ్చి నిలబడ్డారు. నేను వరుసవైపు తిరిగాను. "ఆని సంతకం ఎవరు వెట్టిన్రు? పానం సంగతి, చెప్పుండ్రి."

ల్యాబ్ అసిస్టెంటు తలవంచుకున్నాడు. "నేనే వెట్టిన అన్నా. లేటైతదన్నడు."

వెంటనే ఫోన్ చేయించాను. అటెండరు జల్‌పల్లి బస్సులోనే ఉన్నాడు.

అంతలో ఫైరింజన్ వచ్చింది. "ఇక్కడ ఇన్‌చార్జ్ ఎవరు?" అని దాని అధికారి డైరెక్టరుగారిని అడిగాడు. ఆయన నావైపు చెయ్యి చూపించారు.

"లోపల ఎవ్వరు లేరు" అన్నాను. నా జన్మలో అంత బరువైన మాట మళ్లీ అనలేదు.