నేను టీకి వెళ్లిన అరగంట

దెయ్యాల కబుర్లు మొదలైతే మా హాస్టల్లో నన్ను గదిలోంచి పంపేసేవారు, చెప్పేవాడి ఊపు పాడుచేస్తానని. మూడో అంతస్తు బాత్రూంలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని జనం నెల రోజులు కింది అంతస్తుకి దిగి స్నానాలు చేస్తుంటే, ప్లంబర్‌ని తీసుకెళ్లి కుళాయి వాషరు మార్పించినవాణ్ణి నేను. ఆ ఆడమనిషి మళ్లీ ఏడవలేదు. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకేం కోపం లేదు. వేరేవాళ్లు రాసుంటే నేనూ నవ్వేవాణ్ణే.

రాజమండ్రిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు కరుణా నేనూ పీర్ మెంటర్లం. అంటే, విదేశాల్లో చదవాలనుకునే తోటి విద్యార్థులకు సలహాలు చెప్పే విద్యార్థులం. లైబ్రరీ వరండాలో ఒక బల్ల, దాని వెనక మాకు రెండు కుర్చీలు, ఎదురుగా వచ్చినవాళ్లకి ఒకటి. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కూర్చునేవాళ్లం. ఇద్దరిలో ఎవరమూ విశాఖపట్నం దాటి ఎరగం. అయినా జర్మనీ చలికి ఎలాంటి కోటు కొనుక్కోవాలో గట్టిగా చెప్పేవాళ్లం.

నిజంగా పని చేసేది కరుణే. వాళ్ల నాన్నగారు నరసాపురం దగ్గర ఒక ఊళ్లో టీచరు. ఆదివారాలు అక్కడి చర్చిలో వాక్యం చదివేది ఈ పిల్లే. ఆ గొంతుతోనే మా దగ్గరికొచ్చేవాళ్ల ఎస్‌వోపీలు చదివేది. ఈ కోర్సే ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీవాళ్లకి రాసుకునే రెండు పేజీల ఉత్తరాన్ని ఎస్‌వోపీ అంటారు. రాసినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్లది వాళ్లకే పైకి చదివి వినిపించేది. వింటూ వాళ్లు ఎక్కడ తల దించుకుంటే, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసేది. అక్కడ అబద్ధం ఉందన్నమాట.

"ఇక్కడ మళ్లీ రాయమ్మా," అనేది అంతే. ఎందుకో చెప్పేది కాదు. వాళ్లకి తెలుసు కదా.

రెండో ఏడాది ఆగస్టులో కరుణకి డెంగీ వచ్చింది. ఆసుపత్రికి వెళ్లి, "దోమ కుట్టినందుకు ఇంత సెలవా?" అన్నాను. సెలైను పెట్టిన చెయ్యి కదిలేలా నవ్వింది. "పోరా, నవ్వితే కడుపులో నొప్పొస్తోంది," అంది. పరీక్షలున్నాయని మళ్లీ వెళ్లలేదు. నాలుగో రోజు పోయింది. సమాధి దగ్గర వాళ్ల నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ప్రభువు పిలుచుకున్నాడు బాబూ," అన్నారు. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నేను ఆ రోజు తలూపి, పిడికెడు మట్టి వేసి వచ్చేశాను.

బల్ల వెనక ఆమె కుర్చీ అలాగే ఉండిపోయింది. తీసెయ్యమని ఎవరూ అనలేదు, నేనూ తియ్యలేదు.

ఆరు వారాల తర్వాత ఒక మంగళవారం నూకరత్నం వచ్చింది. ఉప్పాడలో చేపలు పట్టేవాళ్ల అమ్మాయి. కాకినాడలో డిగ్రీ చేసి ఆ నెలలోనే మా దగ్గర ఎమ్మెస్సీలో చేరింది. కరుణని చూసే వీలే లేదు. సముద్రపు కోత గురించి నెదర్లాండ్స్‌లో చదవాలని ఆమె కోరిక. ప్రయత్నం ఈ ఒక్కసారే. సీటూ స్కాలర్‌షిప్పూ రెండూ రాకపోతే చదువు మానేసి రొయ్యల ఫ్యాక్టరీలో చేరతానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది.

ఆమె చిత్తుప్రతి మరీ చప్పగా ఉందనిపించింది. "కాస్త గుండెలు పిండాలి. మా ఊరిని సముద్రం నుంచి కాపాడుకుంటాను అని రాయి," అన్నాను. ఊళ్లోవాళ్ల నాటకాలన్నిటికీ గాలి తీసే నేను, పరాయి పిల్ల ఉత్తరంలో నాటకం పెట్టించాను.

శుక్రవారం సాయంత్రంతో గడువు అయిపోతుంది. ఆ మధ్యాహ్నం నేను టీకి వెళ్లి, బల్ల దగ్గరికి అరగంట ఆలస్యంగా వచ్చాను. నూకరత్నం అప్పటికే ఎదురుగా కూర్చుని ఉంది. చేతిలో కాగితాలు.

"అక్క చదివేశారండి, అన్నయ్యా. రెండు చోట్ల మళ్లీ రాయమన్నారండి."

"ఏ అక్క?"

"ఈ కుర్చీలో అక్కండి. గట్టిగా చదివి వినిపించారండి. గొంతు ఎంత బావుందో!"

కాగితాలు తీసుకున్నాను. అంతకుముందు రాత్రే టైపు చేసి, ఆ ఉదయమే ప్రింటు తీసిన కాగితాలు. రెండు వాక్యాల కింద పెన్సిలు గీతలున్నాయి. కుడివైపు గట్టిగా మొదలై, ఎడమవైపుకి వెళ్లేకొద్దీ సన్నబడ్డాయి. కరుణది ఎడమచేతి వాటం. గీత ఎప్పుడూ కుడి నుంచే లాగేది. నూకరత్నం చేత నా ముందే ఒక గీత గీయించాను. కుడిచేత్తో, ఎడమ నుంచి గీసింది.

నాకు ముందు కోపమొచ్చింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఆ పని నేను చాలామందికి చేశాను మరి. ఫోన్లో కరుణ ఫొటో తీసి చూపించాను.

"ఈవిడేనండి. కానీ ఇందులో కంటే చిక్కిపోయి ఉన్నారండి. ఒంట్లో బాలేదా?"

తలుపు దగ్గర కూర్చునే అటెండరు గారిని అడిగాను. "ఆ అమ్మాయొక్కతే కూర్చుందండి," అన్నాడాయన. "మాట్లాడలేదు. మధ్యమధ్యలో తల దించుకుంటోంది. ఏడుస్తోందేమో, మనకెందుకులే అని పలకరించలేదండి." వరండాలో సీసీ కెమెరా ఉంది గానీ, ఎవరో తుడవబోయి దాని మొహం గోడకి తిప్పేశారు. ఆధారాల విషయంలో నా అదృష్టం అలా ఉంది.

గీత గీసిన మొదటి వాక్యం నేను రాయించిందే. రెండోది దానికి తోక.

"ఇందులో అబద్ధమేంటమ్మా?" అనడిగాను.

"మా ఇల్లు మూడేళ్ల కిందటే సముద్రంలో పోయిందండి. నాన్న వలలు లోపలే ఉండిపోయాయండి. చేపలు పట్టే వలల్ని సముద్రమే పట్టుకుపోయింది అన్నయ్యా! ఇక కాపాడేదేముందండి? ఎప్పుడు ఎంత మేర కోసుకుపోతుందో ముందే చెప్పగలిగితే, జనం మంచాలూ సామానూ అయినా బయటపెట్టుకుంటారు కదా. నేను చదువుదామనుకుంది అందుకండి."

"మరి అదే రాయొచ్చు కదా?"

"మీరే కదండి గుండెలు పిండమన్నారు."

లైబ్రరీ కంప్యూటరు దగ్గర కూర్చుని అదే రాసింది. ఈసారి నేనొక్క మాటా కలపలేదు. ఐదింటికి పంపించేశాం.

లేచి వెళ్లబోతుంటే అడగలేక అడిగాను. "ఆ అక్క ఇంకేమైనా అందా? నా గురించి?"

"మీరు వచ్చేదాకా ఉండమన్నానండి," అంది. "'వద్దులేమ్మా. వాడొస్తే ఏదో ఒకటి అని నవ్విస్తాడు. నవ్వితే ఇక లేవలేను' అన్నారండి."

నూకరత్నానికి సీటూ వచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది. అసలు సంగతి ఆమెకి నేను చెప్పలేదు. "అక్కకి చెప్పారా అండి?" అని మెసేజ్ పెట్టింది. చెప్పానన్నాను.

కరుణ అలవాటు సీనియర్ల నోట విని ఆ పిల్లే ఊహించుకుందని నాకు నేనే చాలాసార్లు వాదించుకున్నాను. గీతల దగ్గరికి వచ్చేసరికి వాదన ఆగిపోతుంది. ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. అదేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ శుక్రవారం టీ కొట్టు దగ్గర నాకు పనేమీ లేదు. పక్క కుర్చీ ఖాళీగా కనిపిస్తుందని, వెళ్లబుద్ధి కాక నిలబడ్డాను.