నూరని కత్తి

మా చిన్నబాపు పాత మంగలికత్తులు సేకరించేవాడు. వాటి మీద ఆయనకు అంత మోజెందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మంచిర్యాలలో ఆయన ఇంటికి ఎవరు పోయినా చాయ్ కంటే ముందు కత్తుల పెట్టె వచ్చేది. ఒకటి తీసి, మడత విప్పి, ముంజేతి వెంట్రుకల మీద ఊరికే ఆనించేవాడు.

"గిది జర్మనీ ఉక్కు. గిసొంటిది ఇప్పుడు దొరకది," అనేవాడు.

నూనె రాసి దాచేవాడే గాని ఎవరినీ నూరనిచ్చేవాడు కాదు. నూరితే అంచు అరిగి, విలువ పోతుందని ఆయన భయం.

తాత దినాల రోజు గోదావరి ఒడ్డున గుండు చేయించుకోవడానికి తనకు అన్నిటికంటే ఇష్టమైన కత్తిని తెచ్చాడు. బ్లేడు తీయబోతున్న మంగలాయనను ఆపి ఆ కత్తిని చేతికిచ్చాడు.

"జర నూరుత సార్," అన్నాడు మంగలాయన.

"వద్దు. గట్లనే గీకు."

కత్తి వెంట్రుకలను కోయలేదు, పీకింది. నెత్తి మీంచి రక్తం చెవి వెనక్కి కారింది. మంగలాయన చెయ్యి ఆపాడు.

"నొస్తుందా చిన్నబాపూ?" అని అడిగాను.

"లే, మంచిగనే తెగుతుంది," అన్నాడు. కళ్లలో నీళ్లు నిండాయి. అవి తాత కోసమే అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

గుండు అయ్యాక తువ్వాలు అందించాను. దాంతో ఆయన ముందుగా కత్తిని తుడిచాడు.