తాడుజువ్వ రత్తయ్య

గిలకలదిండి రేవులో పుట్టి సముద్రమంటే వణికే మనిషి ఉంటాడంటే బందరులో ఎవరూ నమ్మరు. రత్తయ్య ఉన్నాడు. గాలివానలో తండ్రి తన పక్కనే కొట్టుకుపోవడం చూశాక మళ్ళీ వేటకి వెళ్ళలేకపోయాడు. బావమరిది పోతయ్య ఊరుకునే రకం కాదు. "మా బావకి బిందెలో నీళ్ళు కదిలినా గుండె దడేనండీ" అని పదిమందిలో అనేవాడు. రత్తయ్య నవ్వేసేవాడు. ఆ నవ్వు ఎంత కష్టంమీద వచ్చేదో భార్య సత్యవతమ్మకి తెలుసు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో పడవల సంఘం వాళ్ళు మొగ దగ్గర ఒక షెడ్డు వేశారు. కాలువ సముద్రంలో కలిసే ఆ చోట ఇసుకమేటల్లో పడవలు తరచూ చిక్కుకునేవి. వాటికి తాడు అందించడానికి షెడ్డులో రాకెట్లు పెట్టారు. తోకకి సన్నతాడు కట్టి వదిలితే రాకెట్టు పడవ మీదుగా వెళ్ళి పడుతుంది. ఆ తాడుతో పెద్ద మోకు లాక్కుని, దాన్ని పట్టుకుని మనుషులు ఒడ్డుకి వస్తారు. ఊళ్ళో దాన్ని తాడుజువ్వ అన్నారు. నీళ్ళలో దిగక్కర్లేని పని కదా అని రత్తయ్య అందులో చేరాడు. సముద్రానికి జడిసి పారిపోయినవాడు వచ్చి వచ్చి మందుగుండు పక్కన కూర్చున్నాడు. ఇలాంటి తెలివి రత్తయ్యకే ఉంటుంది.

అంతకుముందు ఆ పని చేసిన అప్పారావు కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. రాకెట్టు అడుగున ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. బ్యాటరీ తీగ వల్ల అందులో నిప్పురవ్వ పుట్టి మందుని అంటిస్తుంది. రవ్వకీ మందుకీ మధ్య ఇనపరేకు అడ్డం ఉంటుంది. బయటి పిడి పైకి లేపితే రేకు తప్పుకుంటుంది, దించితే అడ్డం పడుతుంది. ఒకసారి రాకెట్టు లేవకపోతే అప్పారావు పిడి దించాకే గొట్టం ముట్టుకున్నాడు. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన రేకు మాత్రం లోపల కదల్లేదు. పైకి చల్లగా ఉన్న గొట్టంలో రవ్వ రాజుకుంటూనే ఉంది.

ఆ తర్వాత గుడివాడ నుంచి వచ్చి షెడ్డులో చేరిన మెకానిక్కు ఈశ్వరరావు గొట్టం పక్కన చిన్న దిక్సూచి బిగించాడు. రేకు నిజంగా అడ్డం పడితే ముల్లు దానివైపు తిరిగి, ఎర్రచుక్క మీద నిలుస్తుంది. రేకు తప్పుకుంటే ఉత్తరానికి తిరుగుతుంది.

"పిడి అబద్ధం చెప్పొచ్చు రత్తయ్యా, ఇది చెప్పదు. లోపల ఇనుం ఎక్కడుందో చూపిస్తుంది. అందుకని నీ దగ్గర ఇనుం ఉండకూడదు. చాకూ తాళాలూ షెడ్డులో పడేసి మరీ వెళ్ళు" అన్నాడు.

రత్తయ్య ప్రతిసారీ అలాగే చేసేవాడు. కానీ అతను ఇనుము కింద లెక్కపెట్టనిది ఒకటుంది. అప్పారావు చెయ్యి చూసి వచ్చిన రోజున సత్యవతమ్మ ఒక పాత పడవమేకు గుడ్డలో చుట్టి అతని మొలతాడుకి కట్టింది. బాలింత తలగడ కింద ఇనుము పెట్టే ఊరది. "ఇది ఒంటిమీదుంటే భయం దగ్గరికి రాదయ్యా" అంది. భయం రావడం మానలేదు. మేకు మాత్రం ఉండిపోయింది.

ఆ ఏడాది కార్తీకంలో వాయుగుండం పట్టింది. తెల్లవారేసరికి పోతయ్య పడవ మేటమీద ఒరిగిపోయి ఉంది. అందులో పోతయ్యా, ఇంకో ఇద్దరూ. అల వచ్చినప్పుడల్లా మనుషులు కనబడకుండా పోయి, మళ్ళీ తేలేవారు. మొదటి రాకెట్టుని గాలి పక్కకి కొట్టేసింది. షెడ్డులో మిగిలింది ఇంకొక్కటే. దాన్ని కర్రస్టాండుకి బిగించి, పిడి పైకి లేపి, రత్తయ్యా ఈశ్వరరావూ మట్టికట్ట వెనక్కి వచ్చారు. ఈశ్వరరావు మీట నొక్కాడు. ఏమీ కాలేదు.

"తీగ తడిసినట్టుంది, మార్చాలి. లోపల రవ్వ రాజుకుంటూ ఉండొచ్చు. పిడి దించి ముల్లు చూడు. ఎర్రచుక్క మీద లేకపోతే చెయ్యి పెట్టకు, వచ్చెయ్."

రత్తయ్య కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. పిడి దించాడు. వానకి కళ్ళు తెరవలేక, స్టాండుకి నడుం ఆనించి వంగాడు. ముల్లు ఎర్రచుక్క మీదే ఉంది. ప్రాణం లేచొచ్చి గొట్టం మీద చెయ్యి వెయ్యబోయాడు. అంతలో పెద్ద గాలి విసురు అతన్ని వెనక్కి నెట్టింది. ముల్లు మెల్లగా ఉత్తరానికి తిరిగింది.

అర్థం కాలేదు. మళ్ళీ ముందుకి వంగాడు. ముల్లు ఎర్రచుక్క మీదికి వచ్చింది. అప్పుడు పొట్టకింద మేకు గుచ్చుకుంది.

రత్తయ్యకి తెలిసింది. ముల్లు ఇంతసేపూ చూపించింది రేకుని కాదు, తన నడుముని. మొలతాడు తెంపి మేకుని దూరంగా విసిరేశాడు. ఒంటిమీద ఉన్న ఒక్క ధైర్యమూ పోయింది. ముల్లు ఇప్పుడు ఉత్తరం వైపే నిలబడింది. రేకు అడ్డం పడలేదు.

"ఏమైంది?" అని ఈశ్వరరావు కట్ట వెనకనుంచి అరిచాడు.

"రేకు బిగుసుకుందండీ."

"వచ్చెయ్ అయితే. మనం చచ్చి ఎవర్ని బతికిస్తాం?"

రత్తయ్య పడవవైపు చూశాడు. ఒక అల దాటాక మూడు తలలు లేచాయి. ఏది పోతయ్యదో తెలియలేదు. పారిపోవాలని ఎంత ఉందో చెప్పలేం. కానీ తండ్రిని అలా చూసిన కళ్ళు పోతయ్యని కూడా అలాగే చూసి ఇంటికి వెళ్ళి సత్యవతమ్మకి ఏం చెబుతాయి? స్టాండుకి వేలాడే బుడ్డిలోంచి ఆముదం పిడి సందులో పోశాడు. పక్కనుంచి చెయ్యి చాచి పిడిని పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే ఆడించాడు. ఆడించిన ప్రతిసారీ ఇప్పుడే పేలుతుందనుకున్నాడు. ముల్లు ఉత్తరాన్నే పట్టుకుని కూర్చుంది. చివరికి లోపల టక్కుమంది. ముల్లు వణుకుతూ వచ్చి ఎర్రచుక్క మీద ఆగింది. దూరం జరిగి చూశాడు. అక్కడే ఉంది.

తీగ మార్చి, పిడి లేపి, కట్ట వెనక్కి పాక్కుంటూ వచ్చి పడ్డాడు. ఈ సారి రాకెట్టు లేచింది. తాడు పడవకి అడ్డంగా పడింది.

పోతయ్య అందరికన్నా చివర ఒడ్డుకి వచ్చాడు. మోకు ఒరిపిడికి అరచేతులు తోలు లేచిపోయాయి. ఊపిరి అందగానే రత్తయ్య మీద విరుచుకుపడ్డాడు.

"అంతసేపు ఏం చేశావు బావా? అక్కడ మేం చచ్చిపోతుంటే ఇక్కడ ఏం చేస్తున్నావు?"

రత్తయ్య దగ్గర చెప్పడానికి చాలా ఉంది.

"భయమేసింది పోతయ్యా" అన్నాడు.

పదిమందీ చుట్టూ నిలబడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. పోతయ్య అతని పక్కన తడి ఇసుకలో కూలబడ్డాడు. పళ్ళు కొట్టుకుంటూ ఉన్నాయి.

"నాక్కూడా బావా" అన్నాడు.