ఆమేన్‌తో పోయిన టీవీ

చేతికొచ్చిన టీవీని ఒక్క ఆమేన్‌తో పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడన్నా చూసిన్రా? చూడకుంటే ఇప్పుడు చూడండి. మీ ఎదురుగానే కూర్చొని చాయ్ తాగుతున్న.

మొన్న టీవీలో ఏదో పాటల పోటీ వస్తుంటే, నేను అన్నీ ముందే చెప్పేస్తున్ననని మా మనవరాలు మురిసిపోయింది. నువ్వు పోతే ఫస్టు ప్రైజు నీదే అమ్మమ్మా అన్నది. నాకు చాయ్ పొలమారింది. ఎందుకంటే నేను ఒకసారి పోయిన. ఫస్టు ప్రైజు దాకా కూడా పోయిన. ఆడనే పాడుకుంట నిలబడిపోయిన.

డెబ్బై తొమ్మిది అనుకుంట. పటాన్‌చెరులో అప్పుడప్పుడే ఒక్కో ఫ్యాక్టరీ లేస్తుండె. మా ఆయన దేవదానం అందులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. ఆదివారం వస్తే ఇద్దరం చర్చి కొయిర్‌లో ఉంటిమి. ఆయన హార్మోనియం వాయించేది, నేను ముందు పాడేది, మిగతావాళ్లు నా వెనక అందుకునేది. ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ. మోకాళ్ల నొప్పులతో మంచం నుంచి గడప దాకా నడిస్తేనే ఆమెకు పెద్ద ప్రయాణం.

ఫ్యాక్టరీ వాళ్లు వర్కర్ల క్లబ్బులో ఒక టీవీ పెట్టిన్రు. నాలుగు కాళ్లు, చెక్క తలుపులు, ఆ తలుపులకు తాళం. శనివారం సాయంత్రం అందులో పాటల పోటీ వచ్చేది. దానికి ఏదో మంచి పేరే ఉండె కాని మేమెవ్వరం ఆ పేరుతో పిలవలేదు, పాటల పోటీ అంటే అదే. సినిమా పాట ముందు వచ్చే మ్యూజిక్ జెరంత వినిపిస్తరు, తెలిసినవాళ్లు బెల్లు కొట్టాలె, పాట చెప్పాలె, సినిమా పేరు చెప్పాలె. గెలిస్తే కుట్టుమిషన్, స్కూటర్, ఫ్రిజ్! ఫ్రిజ్ పక్కన ఒక అమ్మాయి నిలబడి దాని తలుపు తెరిచి మూసేది. లోపల ఏమీ ఉండకపోయేది. అయినా మేమంతా లోపల ఏముందో అని మెడలు చాపి చూసేది. షిఫ్టు దిగినవాళ్లు నూనె బట్టలతోనే వచ్చి కింద కూర్చునేది. మా చర్చి అయ్యగారు కూడా వచ్చేది, కాని ఎవరికీ కనిపించకుండా చివర గోడకు ఆనుకొని నిలబడేది. మేమూ ఆయనను చూడనట్టే ఉండేది.

క్లబ్బు దాకా నడవలేక అత్తమ్మ ఆ పోటీ ఒక్కసారి కూడా చూడలేదు. అందుకని నేను ఇంటికొచ్చి మొత్తం మళ్లా చేసి చూపించేదాన్ని. మ్యూజిక్ నోటితో అనేదాన్ని. ఆమె మంచంలో నుంచే పాట చెప్పేసేది, సినిమా పేరుతో సహా. టీవీలో కూర్చున్నవాళ్లకంటే ముందు! తర్వాత ప్రశ్నలు. గెలిచిన పిల్ల ఏం చీర కట్టింది, ఏడ్చిందా నవ్విందా, ఫ్రిజ్ ఏ రంగుది. టీవీలో అన్నీ ఒకటే రంగు అత్తమ్మా అంటే నమ్మకపోయేది. నేను సరిగ చూడలేదని అనుకునేది.

ఒకరోజు మాత్రం ఏ ప్రశ్నా అడగలేదు. కాళ్లకు నూనె రాసుకుంట మెల్లగ అన్నది.

"అన్నీ నీ నోటితోనే ఇంటున్న బిడ్డా. ఒక్కసారి ఆ బెల్లు కొట్టంగ నా కండ్లతోని సూడాలె."

నాకు మనసుల కలుక్కుమన్నది. టీవీ కొనే తాహతు మాకెక్కడిది?

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ వార్షికోత్సవం వచ్చింది. టీవీలో లెక్కనే పాటల పోటీ పెడతమని క్లబ్బు నోటీసు బోర్డు మీద రాసిన్రు. మొగుడు పెండ్లాలు జంటగా రావాలె. ఫస్టు ప్రైజు టీవీ! మా ఆయన డ్యూటీ దిగి సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా ఇంట్లోకి ఉరికొచ్చి చెప్పిండు. అత్తమ్మ ఆ సాయంత్రమే ఇంట్లో టీవీకి జాగ చూపించింది. మూలకున్న ట్రంకు పెట్టె జరిపించింది. మర్నాటి నుంచి టీవీకి కవరు కుట్టుడు మొదలుపెట్టింది, పూల అంచుతో. కొలత ఎట్ల అంటే, నేను చేతులు చాపి ఇంత ఉంటదని చూపించిన. నా చేతులు జెర ఎక్కువనే చాపినయి. ఆ కవరు బియ్యం డబ్బాకు తొడిగినా వదులైతుండె.

ఇగ ప్రాక్టీసు. హార్మోనియం చర్చిది. ఒక మెట్టు పలకడం లేదని రిపేరుకు ఇంటికి తెచ్చిండు మా ఆయన. మెట్టు రెండో రోజే బాగైంది, కాని పెట్టె మూడు వారాలు మా ఇంట్లోనే ఉంది. ఆయన సినిమా పాట మొదలు జెర వాయిస్తడు, నేను గరిటెతో పళ్లెం కొట్టి పాట చెప్పాలె. ఇదీ పని.

మొదటి వారం ఒక్కసారి కూడా టైముకు కొట్టలేదు. పాట తెలియక కాదు. చర్చిలో హార్మోనియం మొదటి చరణం మొత్తం వాయించి ఆపితేనే మేం నోరు తెరుస్తం. పదేండ్ల అలవాటు. ఆయన వాయిస్తుంటే నేను చేతులు కట్టుకొని, తల వంచుకొని, అయిపోయేదాకా బుద్ధిగ నిలబడుతున్న. మా ఆయన తల పట్టుకున్నడు. టీవీలో అట్ల నిలబడితే అవతలివాళ్లు ఫ్రిజ్ ఇంటికి తీసుకపోయి నీళ్లు కూడా సల్లగ చేసుకొని తాగుతరు అన్నడు. అత్తమ్మ మంచంలో నుంచి చేతికర్రతో నేల మీద కొట్టి, ఇప్పుడు కొట్టు, ఇప్పుడు కొట్టు అని నేర్పింది. మూడో వారానికి రెండు మెట్లు పలికేసరికి నా గరిటె పళ్లెం మీద పడుతుండె. ఇగ టీవీ మనదే అనుకున్నం.

మేం మొదలుపెట్టుడు ఒక్కటే నేర్చుకున్నం. ఆపుడు ఎవ్వరం నేర్చుకోలేదు.

పోటీ శనివారం పగటిపూట, కాంటీన్ హాల్లో. స్టేజీ మీద టీవీ, దానికి ఎర్ర రిబ్బను. ముందు మూడు వరుసల్లో మా చర్చి వాళ్లే, మమ్మల్ని గెలిపించాలని పిల్లా జెల్లా అందరు దిగిన్రు. అయ్యగారు కూడా ఈసారి గోడ దగ్గర కాదు, దర్జాగ మూడో వరుసలోనే కూర్చున్నడు. పోటీ నడిపింది వెల్ఫేర్ ఆఫీసర్ సారు. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఒక చేతిలో పెన్ను.

జంటలు ఒక్కొక్కటే పోయినయి. చివరికి మిగిలింది మేము, మా గల్లీలోనే ఎదురింట్లో ఉండే యాదగిరి, లక్ష్మమ్మ. వాళ్లది గుమ్మడిదల దిక్కు వ్యవసాయం చేసుకునే ఇల్లు, యాదగిరి ఫ్యాక్టరీలో చేరినంక ఇటు వచ్చిన్రు. లక్ష్మమ్మకు పాడ రాదు. కాని రోజంతా రేడియో పెట్టుకునే ఇంటిపని చేసేది, సినిమా పేర్లన్నీ నోటికి వచ్చు.

మార్కులు సమానం. చివరి పాట. ఇది ఎవరు చెప్తే టీవీ వాళ్లదే. పది సెకండ్లలో పల్లవి, సినిమా పేరు రెండూ చెప్పాలని సారు మళ్లా గుర్తు చేసిండు.

రికార్డు పెట్టిన్రు. రెండు స్వరాలు పలికినయో లేదో, నా చెయ్యి బెల్లు మీద పడింది! హాలంతా లేచింది. నాకు ఆ పాట బాగా తెలుసు. హీరోయిన్ మల్లెపూలు పెట్టుకొని, హీరో ఎప్పుడొస్తడా అని కిటికీ దగ్గర ఎదురుచూసే పాట. సినిమా పేరు తెలుసు. ఏ హాల్లో చూసిన్నో అదీ తెలుసు.

పల్లవి అందుకున్న.

చూడండి, అలవాటు ఎంత చెడ్డదో. పాట అందుకోంగనే నా కండ్లు మూసుకున్నయి. చేతులు వాటంతట అవే కట్టుకున్నయి. పల్లవి అయింది. అయితే ఏంది, చరణం ఉన్నది గద! చర్చిలో పల్లవి పాడి ఎవరన్నా కూర్చుంటరా? మొదటి చరణం ఎత్తుకున్న. టక్ టక్ అని చప్పుడు వినిపించింది. సారు పెన్నుతో మైకు మీద కొడుతున్నడు. తాళం వేస్తున్నడు పాపం అనుకొని ఇంకా మంచిగ పాడిన.

మా ఆయన ఆపుతడేమో అంటరా? ఆయన వేళ్లు అప్పటికే టేబుల్ మీద హార్మోనియం వాయిస్తున్నయట. రెండో చరణంలో ఆయన కూడా కలిసిండు, కింది గొంతుతో. ఇద్దరం కలిసి మల్లెపూలు, కిటికీ, ఎదురుచూపులు, అన్నీ ఏ లోటూ లేకుండా పూర్తి చేసినం. పల్లవికి వచ్చి ముగించినం. ముగిస్తే ఏం చేస్తం? మా కీర్తన ఏదైనా ముగిసేది ఒక్క మాటతోనే.

"ఆ... మే... న్."

సాగదీసి, రెండు గొంతులతో, చక్కగ అన్నం. ముందు మూడు వరుసలు ఒక్కసారి లేచి నిలబడి, మాతోపాటే ఆమేన్ అన్నయి. అయ్యగారి గొంతు అన్నిటికంటే గట్టిగ వినిపించింది.

కండ్లు తెరిచినం. ఇగ చూడాలె హాల్లో నవ్వులు! కాంటీన్‌లో చాయ్ పోసేటాయన కెటిల్ కింద పెట్టి గోడ పట్టుకున్నడు. సారు స్టాప్‌వాచ్ నా మొహం ముందు పెట్టిండు. టైము మొదటి చరణంలోనే అయిపోయిందట. పద్ధతి ప్రకారం అవతలి జంటను అడిగిండు. లక్ష్మమ్మ నా దిక్కు ఒకసారి చూసి, తల వంచుకొని, మెల్లగ పల్లవి, సినిమా పేరు రెండూ చెప్పింది. ఎర్ర రిబ్బను వాళ్లదైంది. మాకు రెండో ప్రైజు, ప్లాస్టిక్ బకెట్.

ఆ బకెట్ పట్టుకొని ఇంటికి నడిచినం. గడపలో అత్తమ్మ, ఒళ్లో కవరు మడత పెట్టుకొని కూర్చుంది. బకెట్ చూసింది. మా వెనక ఇంకా ఏమన్నా వస్తుందా అని చూసింది. ఏమీ రాలేదు. జరిగింది మొత్తం చెప్పిన, ఆమేన్ దాకా.

"సిన్మ పేరు నీకు తెల్వదా బిడ్డా?"

"తెలుసు అత్తమ్మా."

"మరి ఎందుకు చెప్పలే?"

"పాట అయిపోలేదు గద."

అత్తమ్మ నన్ను చూసింది, కొడుకును చూసింది. ఇగ నవ్వుడు మొదలుపెట్టింది. కవరుతోనే కండ్లు తుడుచుకుంట నవ్వింది. ఆ ముసలామె అట్ల నవ్వంగ నేను అంతకు ముందు చూడలేదు. నాకు ఏడుపొస్తుంటే కూడా నవ్వొచ్చింది.

ఇంతలో యాదగిరి టీవీని ఎడ్లబండి మీద గల్లీలోకి తెచ్చిండు. లక్ష్మమ్మ టీవీని ఇంట్లోకి దించక ముందే మా గడపకు వచ్చింది. టీవీ కిటికీ పక్కనే పెట్టిస్తున్న, శనివారం మంచం జెర ఇటు తిప్పుకుంటే అన్నీ కనపడతయి పెద్దమ్మా అన్నది. అత్తమ్మ కవరు తీసి లక్ష్మమ్మ చేతిలో పెట్టింది. ఆ కవరు ఆ టీవీకి రెండు మడతలు వేసి తొడిగిన్రు. తర్వాత ఎన్నో శనివారాలు అత్తమ్మ మా గడపలో నుంచే బెల్లు కొట్టంగ చూసింది, ఎదురింట్లోకి వినపడేటట్టు జవాబులు అరిచింది. టీవీ మా ఇంట్లో ఉన్నా ఇంతకంటే ఎక్కువ ఏం చూసేది?

కథ ఇంతటితో అయిపోతే నా మర్యాద జెరంతన్నా మిగులుతుండె.

నవ్వుడు అయినంక అత్తమ్మ నన్ను వదలలేదు. వచ్చే ఏడాది మళ్లా పోటీ ఉంటదట, ఈ అలవాటు ఇప్పుడే పోగొట్టాలన్నది. చేతికర్ర పట్టుకొని ముందు కూర్చోబెట్టింది. పాట ఆపు, సినిమా పేరు చెప్పు. మళ్లా పాడు, ఆపు, పేరు చెప్పు. ఆ సాయంత్రమంతా అదే పని. ఒకటే పాట, ఒకటే సినిమా పేరు. చివరికి పాట ఆగిందంటే చాలు, పేరు దానంతట అదే నోట్లో నుంచి పడుతుండె. ఇప్పుడు మనిషివైనవ్ అన్నది అత్తమ్మ.

మర్నాడు ఆదివారం. చర్చి నిండుగా ఉంది. నేను లోపలికి పోతుంటేనే ముసిముసి నవ్వులు. తల వంచుకొని కొయిర్‌లో నిలబడ్డ. ఈరోజన్నా ఏ తప్పూ లేకుండా పాడాలని గట్టిగ అనుకున్న. మా ఆయన హార్మోనియం మొదటి చరణం మొత్తం వాయించిండు. బుద్ధిగ ఆగిన. కీర్తన అన్ని చరణాలూ పాడినం. చివర అందరం ఆమేన్ అన్నం. ఆమేన్ తర్వాత, అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టే ముందు, చర్చిలో సూది పడినా వినపడేటంత నిశ్శబ్దం ఉంటది.

ఆ నిశ్శబ్దంలో నేను సినిమా పేరు చెప్పిన. గట్టిగ, స్పష్టంగ, వెనక బెంచీ దాకా వినపడేటట్టు.

మా ఆయన చెయ్యి హార్మోనియం మెట్ల మీద పడి, పెట్టె ఒక్కసారి కుయ్యిమన్నది. అయ్యగారు బైబిలు మూసిండు. కండ్లద్దాలు తీసిండు, తుడిచిండు, మళ్లా పెట్టుకున్నడు. నా దిక్కు చూసి చాలా మెల్లగ, చాలా దయగ అన్నడు:

"జవాబు కరెక్టే సుగుణమ్మా. కాని టైము నిన్ననే అయిపోయింది."