మెరిసే రాయికి అనుమతి లేదు

జర్మనీలో మా నాయన సమాధికి పదిహేను నెలలు రాయి లేదు. చిన్న కొయ్య సిలువ ఒకటే ఉండేది. దాని మీద రంగుతో రాసిన పేరు మొదటి చలికాలానికే వెలిసిపోయింది. ఆలస్యానికి కారణం నేనేనని నా భార్య అనేది. నేను ఒప్పుకోలేదు.

ఆమె అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం కోసమే మేం వెళ్ళాం. గడివేములలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన నాయన కూడా మాతో వచ్చాడు. "నన్ను పెట్టెలో పెట్టి ఆకాశంలో తిప్పొద్దురా. యాడ పోతే ఆడ్నే పూడ్చండి" అని ముందే చెప్పి ఉంచాడు. అట్లాగే చేశాం.

నంద్యాలలో మా బంధువుల సమాధులన్నీ నల్లగా అద్దాల్లా ఉంటాయి. రాయి ఎంత మెరిస్తే పిల్లలకు అంత శ్రద్ధ ఉన్నట్టు. మా తాతకు నాయన పెట్టించిన రాయి మసకగా ఉందని ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా పెదనాయన నలుగురిలో అన్నాడు. ఆ రోజు ఏ కూర వడ్డించారో కూడా నాకు గుర్తుంది. అందుకే సెలవుకు వచ్చినప్పుడు ఆళ్లగడ్డలో ఒక శిల్పి దగ్గర నల్లరాయి చెక్కించాను. మెరుపు చాలలేదని రెండుసార్లు మళ్ళీ సాన పట్టించాను.

"ఇంకెంత మెరవాలప్పా?" అన్నాడు శిల్పి.

"మొకం కనపడాల."

"సమాధి ముందర నిలబడి తల దువ్వుకుంటావా ఏంది?"

నేను నవ్వలేదు. మూడోసారికి ముఖం కనిపించింది.

శ్మశానం ఆఫీసులో ముందు అడగమని నా భార్య ఫోన్లో చెప్పింది. మా నాయనకు రాయి పెట్టడానికి వాళ్ళను అడిగేదేమిటన్నాను.

రాయి ఓడలో వచ్చింది. మేమిద్దరం వెళితే ఆఫీసులో ఒకావిడ దాని ఫోటో చూసి వీల్లేదంది. ఆ శ్మశానంలో మెరిసే రాళ్ళు పెట్టకూడదు. అన్నీ మసకగా, ఒకే తీరుగా ఉండాలి. ఆవిడ ఇదంతా నా భార్యకే చెప్పింది. నాకూ జర్మన్ వచ్చు. కుర్చీ కూడా ఒకటే చూపించింది.

నాలుగు అర్జీలు పెట్టాను. నాలుగింటికీ ఒకే జవాబు. రాయి మా గరాజులో గోనెపట్టా కింద పడి ఉంది. ఒకరోజు కారు తీయబోతూ నా భార్య ఆగింది.

"మామ పేరు ఈడ పండబెట్టి ఎవురితో కొట్లాడుతాండావ్? ఆడ సిలువ మీద పేరు పోతాంది."

మరునాడు వెళ్ళి చూశాను. రెండక్షరాలు మిగిలాయి. ఇంటికొచ్చి శిల్పికి వీడియో కాల్ చేసి, మెరుపు ఎట్లా తీయాలని అడిగాను. ఆయన చేతిలో ఉలి కింద పెట్టాడు.

"మూడు తూర్లు పట్టిస్తివి గదప్పా."

"తీసేది చెప్పు."

"గరుకురాయి తీసుకో. నీళ్ళు పోస్తా గుండ్రంగా రుద్దు. ఒక తావే రుద్దితే గుంత పడ్తాది. పేరు కాడ పైపైన."

ఆరు శనివారాలు రుద్దాను. ఆయన ఆళ్లగడ్డలో తన పని చేసుకుంటూనే ఫోన్లో చూసేవాడు. "ఆ మూల ఇంకా మెరుస్తాండాది, మళ్ళీ పట్టు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వు దాచుకోలేదు. మొదట నా ముఖం పోయింది. తర్వాత పైనున్న బల్బు వెలుగు పోయింది. అక్షరాలు లోతుగా చెక్కినవి కనుక నిలిచాయి.

రాయి నిలబెట్టిన రోజు ఆ ఆఫీసు ఆవిడే తనిఖీకి వచ్చింది. మా నాయన పేరు మీద అరచేయి ఆనించి చూసి, కాగితం మీద టిక్కు పెట్టింది. చేతి తొడుగైనా తీయలేదు.